ఎనిమిదికి నలభై మూడు

మా వీధి చివర విత్తనాల షాపు నడిపే ఆయన ఈ మధ్య కొత్త జీపు కొన్నాడు. కొన్న నెలకే దాని టైర్లు పీకించి, నా నడుము దాకా వచ్చే టైర్లు వేయించాడు. కోదాడలో ఆ బండి ఎటు పోయినా జనం ఆగి చూస్తారు. ఆయన కూడా ఆగి చూపిస్తాడు. మొన్న ఉదయం పాల ప్యాకెట్లు తీసుకుని వస్తుంటే గేటు దగ్గర దిగాలుగా కనిపించాడు. ఏమైందని అడిగితే, బండికి మునుపటి ఊపు లేదని, ఎత్తు ఎక్కమంటే దమ్ము చాలడం లేదని, షోరూమ్ వాళ్ళేమో ఇంజన్ బ్రహ్మాండంగా ఉందంటున్నారని చెప్పుకొచ్చాడు.

నా నోటి నుంచి ఆలోచించకుండానే మాట వచ్చేసింది.

"ఎనిమిదికి ఎన్ని?"

ఆయన నా ముఖంలోకి అదోలా చూశాడు. రిటైరైన పశువుల డాక్టరుకు మతి తప్పిందనుకుని ఉంటాడు. ఆ మాట నాది కాదు, సూర్యాపేట ఉస్తాద్‌ది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మాట నా నాలుక మీద ఇంకా అంత తడిగా ఉందని ఆ ఉదయం దాకా నాకే తెలియదు. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగిపోయేదాకా ఆయన గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను.

సూర్యాపేట దాటి చివ్వెంల వైపు వస్తుంటే హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. గేటుకు తీగతో వేలాడదీసిన అరిగిపోయిన పళ్ళ చక్రం ఒక్కటే గుర్తు. లారీల వాళ్ళకూ ట్రాక్టర్ల వాళ్ళకూ అందరికీ ఆయన ఉస్తాదే. పేరు నాకు తెలుసు గానీ రాయను. తన పేరు ఎక్కడా కనపడకూడదన్నది ఆయన పట్టుదల. బోర్డు పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగితే, బండి బాగైనవాడు తొవ్వ మరిచిపోడు, బాగుకానివాడు బోర్డు ఉన్నా రాడు అన్నాడు. ఇంతకీ ఆ షెడ్డు ఎక్కడని అడిగిన ప్రతివాడికీ ఆ వేలాడే చక్రం సంగతి చెప్పలేక నా ప్రాణం విసిగేది.

ఆయన ఇంజన్లు ముట్టుకునేవాడు కాదు. ఇంజన్ పనైతే పక్క షెడ్డుకు పొమ్మనేవాడు. ఆయన లోకమంతా బండి కింద, రెండు చక్రాలను కలిపే ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప గుండులో ఉండేది. అందులో రెండు పళ్ళ చక్రాలుంటాయి. ఇంజన్ నుంచి వచ్చే కడ్డీ చివరన ఉండే చిన్నది పినియన్. అది తిప్పే పెద్దది క్రౌను. చిన్నదానికి ఎన్ని పళ్ళు, పెద్దదానికి ఎన్ని పళ్ళు అన్నదాన్ని బట్టి ఆ బండి బలం, పరుగు తేలతాయి. పెద్దదానికి పళ్ళు పెరిగితే బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ అప్పట్లో నాకు ఇందులో ఒక్క ముక్క తెలియదు. తెలియకపోతే ఫరవాలేదు. తెలుసనుకున్నాను, చిక్కంతా అక్కడే వచ్చింది.

షెడ్డుకు ఏ బండి వచ్చినా ఆయన ఓనరును పలకరించేవాడు కాదు. ముందు వంగి చక్రం మధ్యనున్న బుడిపె మీద అరచెయ్యి ఆనించేవాడు, నేను ఆవు చెవి పట్టుకుని జ్వరం చూసినట్టు. అది కాలుతుంటే "పరేషాన్ చేసినవ్ దీన్ని" అనేవాడు. చల్లగా ఉంటేనే తలెత్తి మనిషి ముఖం చూసేవాడు. కళ్ళజోడుకు ఒక కాడ ఉండేది కాదు, ఆ పక్కన దారం చెవికి చుట్టుకునేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సున్నం డబ్బీ. ఆకులో వేసుకోవడానికి కొంచెం, బండ్ల మీద గుర్తులు పెట్టడానికి మిగతాదంతా. ఆయన చెయ్యి పడిన బండిని నేను ఎక్కడైనా గుర్తుపట్టేదాన్ని, ఏదో ఒక మూల ఆ తెల్లటి వేలిముద్ర ఉండేది.

నేను ఆయన దగ్గరికి చేరిన కథ నా తెలివితక్కువతనంతో మొదలవుతుంది. ఎనభైల చివర్లో నాకు పాలకీడు దగ్గర పశువుల దవాఖానలో పోస్టింగ్ ఇచ్చారు. పశువుల డాక్టరుగా ఆడమనిషి వచ్చిందంటే అప్పట్లో రైతులు బర్రెను వదిలేసి నన్ను చూసేవాళ్ళు. దవాఖానకు బండి లేదు. కోదాడ దగ్గర వ్యవసాయం చేసే మా నాన్న, గవర్నమెంటు వేలంలో కొన్న ముసలి డీజిల్ జీపును నాకు ఇచ్చేశాడు. నడపడం నేర్పింది కూడా ఆయనే.

నా కింద ఉన్న ఊళ్ళలో అన్నిటికన్నా దూరంగా, గుట్ట మీద ఒక లంబాడీ తండా ఉండేది. గుట్ట కిందిదాకా నల్లరేగడి బురద, అక్కడి నుంచి నిట్టనిలువు రాళ్ళ దారి. తండాకు బర్రెలే ఆధారం. వానలు పడగానే బర్రెలకు గొంతువాపు వస్తుంది. పొద్దున గడ్డి తిన్న బర్రె సాయంత్రానికి పడిపోతుంది. వానలకు ముందే, అదీ రెండు వారాల ముందే టీకా వేస్తేనే ఫలితం. టీకా మందు ఐసులోనే ఉండాలి. మిర్యాలగూడ ఐసు ఫ్యాక్టరీలో ఐసు తీసుకుని, చెక్కపెట్టెలో వడ్ల ఊక పోసి, దాని మధ్య మందు సీసాలు పెట్టుకుని, అది కరగకముందే గుట్ట ఎక్కాలి.

ఆ జీపు బురదలో దిగబడేది, రాళ్ళకు కడుపు తగిలేది. మా నాన్న ఆలోచించి తీర్పు చెప్పాడు. పెద్ద చక్రాల ఎడ్లబండి బురదలో దిగబడదు, రాయి మీద ఎగిరిపడదు, ఎద్దులకు కూడా సుఖం, జీపుకైనా అంతే కదా అన్నాడు. రైతుబిడ్డను, నాకది తిరుగులేని మాటగా తోచింది. మిర్యాలగూడలో నాలుగు లావుపాటి టైర్లు వేయించాం. స్టెప్నీ మాత్రం పాత చిన్నదే ఉండిపోయింది. నాన్న నిడమనూరు దాకా పొలాల గట్ల వెంట ఒక చుట్టు తిప్పుకొచ్చి మీసం దువ్వుకున్నాడు.

ఆ వేసవిలో టీకా మందుతో గుట్ట ఎక్కబోయాను. అంతకుముందు అదే జీపు ముక్కుతూ మూలుగుతూనైనా ఎక్కేది. ఈసారి మూడొంతులు ఎక్కి ఆగిపోయింది. నేను పట్టుదలకు పోయి క్లచ్ మీద క్లచ్ తొక్కాను. కాలిన వాసన వచ్చింది, పొగ వచ్చింది, బండి వెనక్కి జారింది. నేను కిందికి దిగి ఒక రైతు ట్రాక్టరును వెతికి తెచ్చేసరికి పెట్టెలో ఐసు లేదు, ఊకలో గోరువెచ్చని నీళ్ళున్నాయి. మందు పాడైంది. మళ్ళీ మందు వచ్చేలోపు వాన పడింది. ఒక్క వారంలో తండాలో తొమ్మిది బర్రెలు పోయాయి.

అందులో రెండు బర్రెలు ఒక్క ముసలామెవే. నేను నడుచుకుంటూ గుట్ట ఎక్కి వెళ్ళినప్పుడు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మంచం వాల్చి కూర్చోబెట్టింది, చెంబుతో నీళ్ళిచ్చింది. నేను తాగేదాకా చూసి అప్పుడు అడిగింది.

"మల్ల ఏడాదన్న వస్తవా, డాక్టరమ్మా?"

వస్తానని చెప్పాను. ఎలా వస్తానో నాకు తెలియదు.

ఒక లారీ డ్రైవరు చెబితే సూర్యాపేట వెళ్ళాను. ఉస్తాద్ అలవాటు ప్రకారం నన్ను చూడకుండా బండి చుట్టూ తిరిగాడు. ఈ టైర్లు ఎవరు వేయమన్నారని అడిగాడు. నాన్న పేరు పెట్టి ఎడ్లబండి సంగతంతా చెప్పాను. నవ్వుతాడని ముందే ముఖం గంటు పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు.

"నాయన చెప్పింది తప్పు గాదు. గని అది గుంజే చక్రం. ఎద్దు ముందల్నుంచి గుంజుతది, చక్రం ఊకె దొర్లుతది. నీ జీపును గుంజేటోడు ఎవడున్నడు? చక్రాన్నే నడుమ పట్టుకొని తిప్పాలె."

అర్థం కాలేదన్నాను. ఆయన నన్ను షెడ్డు గేటు దగ్గరికి తీసుకుపోయి, గేటు చివర పట్టుకుని తొయ్యమన్నాడు. ఒక వేలితో తోశాను, కదిలింది. ఇప్పుడు కీలు పక్కన చెయ్యి పెట్టి తొయ్యమన్నాడు. రెండు చేతులూ పెట్టినా కష్టమైంది. ఇంజన్ చెయ్యి ఎప్పుడూ కీలు దగ్గరే ఉంటుందట, టైరు పెద్దదైతే గేటు పెద్దదైనట్టట. కాలేజీలో ఐదేళ్ళు చదివి, అన్నేళ్ళు తలుపులు తీసీ వేసీ, నేను ఈ సంగతి ఎన్నడూ గమనించలేదు.

తర్వాత ఆయన నా పాత స్టెప్నీ దింపించాడు. టైరు మీద సున్నంతో ఒక బొట్టు పెట్టాడు, కొత్త టైరు మీద ఇంకో బొట్టు. పాతదాన్ని షెడ్డు ముందు నేల మీద చేత్తో దొర్లిస్తూ, బొట్టు నేలను తాకినప్పుడల్లా లెక్కపెట్టి పది చుట్లకు ఆపి అక్కడ గీత గీశాడు. కొత్త టైరును కూడా మొదలుపెట్టిన చోటి నుంచే దొర్లించాడు. తొమ్మిది చుట్లకే అది గీత దగ్గరికి వచ్చేసింది, జానెడు తక్కువగా. పది చుట్ల పని తొమ్మిది చుట్లలో చేయమంటే ఇంజన్ ఎక్కడి నుంచి తెస్తుందని అడిగాడు. నన్ను కాదు, నా జీపు వైపు చూసి అడిగాడు.

బండి కింద గుండు విప్పించి పళ్ళు నన్నే లెక్కపెట్టమన్నాడు. చిన్నదానికి ఎనిమిది. పెద్దదానికి ముప్పై ఎనిమిదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, బర్రె ఈడు ఎట్లా చెబుతావని అడిగాడు. పళ్ళు చూసి చెబుతానని, ఈడొచ్చిన బర్రెకు కింది దవడలో ముందు పళ్ళు ఎనిమిదని అన్నాను.

"నా చిన్నదానికి గూడ ఎనిమిదే. నీకు అలవాటైన లెక్కనే గద, ఎట్ల తప్పినవ్? మొదటి పన్ను గుర్తు పెట్టుకోలె. అందుకే ఏడ మొదలైంది, ఏడ ఖతమైంది నీకు ఎరుక లేదు."

మొదటి పన్ను మీద సున్నం చుక్క పెట్టి మళ్ళీ లెక్కపెట్టించాడు. ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిదిని తొమ్మిది భాగాలు చేసి ఇంకొక భాగం కలిపితే నలభై మూడు దాటి పిసరు. కాగితం లేదు, పెన్సిలు లేదు, ఆకు నములుతూ చెప్పాడు. ఎనిమిదికి నలభై మూడు పళ్ళ జత వేస్తే పెద్ద టైర్లతో కూడా బండికి పాత బలం వస్తుందన్నమాట. అయితే వెంటనే వేసేయండి అన్నాను.

"గట్ల ఎట్లేస్త? తొవ్వ సూడకుండ నేను పండ్లు ఎంచ."

అది ఆయన పద్ధతి. ఎవరి బండైనా సరే, అది ఎక్కువగా తిరిగే దారిలో ఒక్కసారి తాను కూర్చుని వెళ్ళాకే జత ఖాయం చేసేవాడు. అందుకని చాలామంది విసుక్కుని వేరే షెడ్డు చూసుకునేవారు. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. నేనూ విసుక్కున్నాను గానీ, ముసలామె ఇచ్చిన నీళ్ళ చెంబు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఒక ఆదివారం ఆయన్ను మిర్యాలగూడ ఐసు ఫ్యాక్టరీ నుంచి తండా దాకా తీసుకెళ్ళాను. ముందు సీటులో కూర్చోమంటే వినలేదు. వెనక ఐసు పెట్టె మీద, సరిగ్గా ఇరుసు పైన కూర్చుని, కళ్ళు మూసుకుని, అరచెయ్యి నేల రేకుకు ఆనించి పెట్టాడు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. నిద్రపోయాడేమోనని అద్దంలో చూస్తే, గుంత వచ్చినప్పుడల్లా ఆయన కనుబొమ్మలు కదులుతున్నాయి. గుట్ట కింద బండి ఆపించి, చెప్పులు విడిచి దారంతా నడిచి పైకి వెళ్ళాడు, మళ్ళీ దిగి వచ్చాడు. నువ్వు ఎక్కడ ఆగిపోయావని అడిగాడు. చూపించాను. ఆ రాయి మీద సున్నంతో బొటనవేలి ముద్ర వేశాడు.

అక్కడే నిలబడి చెప్పాడు, ఇంతకన్నా పెద్ద జతలు కూడా ఉంటాయట, అవి వేస్తే గుట్ట కళ్ళు మూసుకుని ఎక్కవచ్చట. నేను సంబరపడి అదే వేయమన్నాను.

"ఎక్కుతవ్. గని మిర్యాలగూడ నుంచి గీడికొచ్చేటాలకు నీ ఐసు నీళ్ళయితది. రోడ్డు మీద బండి ఉరకది గద. నీకు గుట్ట ఒక్కటే కాదు, ఐసు గూడ ఉంది. నలభై మూడు ఏస్త. గుట్టకు సాలు, ఐసుకు సాలు."

నా బండి కష్టం గురించి అందరూ సలహా చెప్పారు గానీ, నా ఐసు గురించి ఆలోచించిన మనిషి ఆయన ఒక్కడే. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎండ చూస్తున్నట్టు అటు తిరిగాను.

జత కోసం హైదరాబాదుకు కబురు పంపాడు. ఎండలు ముదిరిపోయి, పడమర మబ్బులు పట్టడం మొదలయ్యాక ఒకే ఒక్క జత వచ్చింది. నా జీపు ముందు చక్రాలతో కూడా లాగే రకం. గుట్ట ఎక్కాలంటే ఆ నాలుగు చక్రాల గేరు వేయాల్సిందే, అంటే ముందు ఇరుసుకొక జత, వెనక ఇరుసుకొక జత కావాలి. టీకా మందు రెండు రోజుల్లో వస్తుందని అప్పటికే నాకు కబురు అందింది. వెనకది మార్చేయండి, ముందుది తర్వాత చూద్దాం అన్నాను. కుదరదన్నాడు. ముందు చక్రాలు ఒక లెక్క, వెనక చక్రాలు ఒక లెక్క తిరిగితే బండి తనను తానే గుంజుకుంటుందని, రాళ్ళ మీద ఆ గుంజులాటకు ఏదో ఒకటి విరుగుతుందని చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. బండి నాది, నేను చెప్పినట్టు చేయండి అని గట్టిగానే అన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"బండి నీదే, డాక్టరమ్మా. గుట్ట మీది బర్రెలు నీవి గావు గద. సున్నం పెట్టిన రాయి దాంక పోయి ఆడ ఇరగ్గొట్టుకుంటవా? మల్ల ఆ ముసలామెకు ఏం చెప్తవ్?"

ముసలామె సంగతి ఆయనకు ఎప్పుడు చెప్పానో నాకు గుర్తు లేదు. బండి అక్కడే వదిలేసి, బస్సెక్కి, దారంతా ఆయన్ను మనసులో తిట్టుకుంటూ వచ్చాను. మొండి మనిషి, చాదస్తం, ఈయన వల్ల ఈ ఏడు కూడా పోయింది అనుకున్నాను. నోటితో అనలేదు కాబట్టి బతికిపోయాను.

మూడో రోజు పొద్దున్నే పాలకీడు దవాఖాన ముందు జీపు చప్పుడైంది. ఆయనే నడుపుకుంటూ వచ్చాడు. దిగి తాళం నా చేతిలో పెట్టి, ముందూ వెనకా నలభై మూడే అన్నాడు. రెండో జత ఎక్కడిదని అడిగితే "దొరికింది" అన్నాడు, అంతే. నేను సంతోషంలో ఉన్నాను, ఇంకో ప్రశ్న వేయలేదు. ఇప్పటికీ నన్ను గుచ్చేది ఆ వేయని ప్రశ్నే.

మిర్యాలగూడ వెళ్ళి ఐసూ మందూ తీసుకుని తండాకు బయలుదేరాం. ఆయన ఐసు పెట్టె మీదే. గుట్ట కింద గేరు మార్చి ఎక్కించాను. ఇంజన్ చప్పుడు మారలేదు. ఆదరాబాదరా లేకుండా, మేత నుంచి ఇంటికొస్తున్న పశువు నడిచినట్టు బండి ఒక్కో రాయీ ఎక్కుతూ పోయింది. సున్నం ముద్ర రాయి పక్కగా వచ్చింది, వెనక్కి పోయింది. నా కాలు క్లచ్ మీద సిద్ధంగానే ఉంది, తొక్కాల్సిన పని మాత్రం పడలేదు.

పైకి చేరగానే ఆయన దిగి నాలుగు చక్రాల బుడిపెల మీదా వరసగా అరచెయ్యి పెట్టాడు. నేను పెట్టె మూత తీసి ఊకలో చెయ్యి పెట్టాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"సల్లగున్నయి," అన్నాడు.

నా ఐసు కూడా చల్లగానే ఉంది. ముసలామె తన దగ్గర మిగిలిన ఒక్క బర్రెను అందరికన్నా ముందు పట్టుకొచ్చింది. దాని మెడ నిమురుతూ, "వచ్చినవు," అంది. ఆ రోజు తండాలో ఒక్క బర్రె కూడా టీకా లేకుండా మిగల్లేదు. వానలు వచ్చాయి, పోయాయి. ఆ ఏడు తండాలో గొంతువాపు మాట వినపడలేదు.

తర్వాత ప్రతి వేసవిలో టీకాలకు ముందు సూర్యాపేట వెళ్ళి నూనె మార్పించుకునేదాన్ని. షెడ్డు మూలన ఆయన సొంత జీపు ఉండేది, పాతకాలం పెట్రోలు బండి. వానాకాలంలో చుట్టుపక్కల ఎవరి లారీ బురదలో దిగబడినా ఆయన ఆ జీపు వేసుకుని పోయి లాగేవాడట. ఆ మొదటి వానాకాలంలో, నా బండికి ఇంకా జత దొరకకముందు, ఒకసారి నేనే చూశాను. నాలుగు చక్రాలూ బురదను చిమ్ముతుంటే, దారపు కళ్ళజోడు జారిపోతున్నా పట్టించుకోకుండా పకపకా నవ్వుతున్నాడు. ఆయన పైకి నవ్వడం నేను చూసింది అక్కడే. అలాంటిది, కొన్నేళ్ళుగా ఎవరు పిలిచినా పోవడం లేదని విన్నాను. ఉస్తాద్, బురదంటే భయం పట్టుకుందా అని ఆటపట్టించాను. వయసైంది డాక్టరమ్మా అన్నాడు. నేను ఊరుకోకుండా వచ్చినప్పుడల్లా అదే మాట పెట్టి ఏడిపించేదాన్ని.

తొంభైల మధ్యలో నాకు మిర్యాలగూడ ఆఫీసుకు బదిలీ అయింది. ఇక గుట్టలు లేవు, ఫైళ్ళే. ఆ కబురు చెప్పడానికి షెడ్డుకు వెళ్ళిన రోజు తొలకరి పడి షెడ్డు ముందంతా చిత్తడి. ఆయన తన జీపును పక్కకు తీయబోతే వెనక చక్రాలు బురదలో తిరుగుతూ ఉన్నచోటే ఉన్నాయి. ముందు గేరు వేయండి ఉస్తాద్ అని అరిచాను. ఆయన విననట్టే ఉన్నాడు. నేను వంగి బండి కిందకు చూశాను. ముందు ఇరుసుకు వెళ్ళాల్సిన కడ్డీ లేదు. ఇరుసు నడుమ గుండుకు మూత లేదు, గోనెపట్టా చుట్టి ఉంది. లోపల ఖాళీ.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నీ గుట్ట ఎక్కినప్పటి సంది."

పాత పెట్రోలు జీపులకు కంపెనీలోనే ఎనిమిదికి నలభై మూడు వచ్చేదని తర్వాత తెలిసింది. నా బండికి కావలసిన రెండో జత ఆయన షెడ్డులోనే, ఆయన బండిలోనే ఉంది. రాత్రికి రాత్రి విప్పి నాకు వేశాడు. నేనేమో ఇన్నేళ్ళూ భయమా, భయమా అని ఎగతాళి చేశాను. సిగ్గుతో నాకు కోపం వచ్చింది, ఆ కోపం మళ్ళీ ఆయన మీదే చూపించాను. ఇన్నేళ్ళలో మీకు ఇంకో జత దొరకలేదా అని నిలదీశాను.

"ఎందుకు దొరకలే? మూడుసార్లు దొరికినయి. దొరికినప్పుడల్లా ఎవనిదో ఒకని పని ఆగి ఉండె. నాదేం పని ఆగింది? బురదల ఆడుకునుడే గద."

ఆ రోజు నేను అక్కడి నుంచి కదల్లేదు. నా జీపు ముందు జత విప్పి మీ బండికి వేసుకుంటేనే వెళతానని ఆయన కూర్చునే పాత రిమ్ము మీద కూర్చున్నాను. ఫైళ్ళు మోయడానికి నాకు ముందు చక్రాలు లాగాల్సిన పని లేదని కూడా చెప్పాను. ఆయన గొణిగాడు, ఆకు వేసుకున్నాడు, చివరకు విప్పాడు. జతను డీజిలుతో కడిగి, మొదటి పన్ను మీద సున్నం చుక్క పెట్టి, నా ముందు పెట్టి లెక్కపెట్టమన్నాడు. నలభై మూడు అన్నాను. ఈసారి తప్పలేదు.

వేయడం పూర్తయ్యాక ఆయన తన జీపెక్కాడు. నేను అడగకుండానే వెనక ఎక్కి ఇరుసు పైన కూర్చున్నాను. నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టాయి. షెడ్డు ముందున్న బురదలోంచి బయటికి వచ్చి, అక్కర లేకపోయినా తిప్పి మళ్ళీ అదే బురదలోకి దింపాడు. నా చీర మీద చేటెడు బురద పడింది. ఆయన నవ్వుతున్నాడు. ఇన్నాళ్ళకు ఈ మనిషి రుణం తీర్చుకున్నానని నేను కూడా గట్టిగా నవ్వాను.

మరుసటి ఏడు వేసవిలో వెళితే, జీపు ముందు గుండుకు మళ్ళీ గోనెపట్టా చుట్టి ఉంది. ఈసారి ఎవరికి ఇచ్చారని దెబ్బలాటకు దిగాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని, పాలకీడుకు నా తర్వాత వచ్చిన డాక్టరుకు అన్నాడు. ఆ అబ్బాయికి డిపార్టుమెంటు జీపు ఇచ్చారట. దానికెవరో పెద్ద టైర్లు వేశారట. గుట్ట సగంలో ఆగిపోయి, ఒకప్పుడు సున్నం ముద్ర వేసిన రాయి దగ్గర తండా వాళ్ళు అతనికి ఉస్తాద్ సంగతి చెప్పారట.

"మల్ల నీ గుట్టకే పోయిందిలే, డాక్టరమ్మా," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఆయన పోయిన కబురు కూడా నాకు ఆ డాక్టరే ఫోన్ చేసి చెప్పాడు. చివరిదాకా ఆ జీపు వెనక చక్రాలతోనే నడిచిందట. ఆ ఫోన్ పెట్టేముందు, తండాలో ఈ ఏడు టీకాలు అయిపోయాయా అని మాత్రం అడిగాను. అయిపోయాయన్నాడు.

పొంగిన పాలు తుడిచి, గిన్నె కడిగి, విత్తనాల షాపాయన ఇంటికి వెళ్ళాను. ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. నీ బండి ఎక్కువగా తిరిగే దారి ఏదో అటు తీసుకుపో అని చెప్పాను. ఆయన మర్యాదగా ముందు తలుపు తీశాడు. వద్దని చెప్పి, ఈ మోకాళ్ళతో ఆ ఎత్తుకు ఎలాగో పాకి, వెనక ఇరుసు పైనున్న సీటులో కూర్చున్నాను. ఆయన ఇంజన్ స్టార్ట్ చేసి ఏదో అడగబోయాడు.

మాట్లాడవద్దన్నాను. కళ్ళు మూసుకుని అరచెయ్యి కింద ఆనించాను.